కోక్యూ10 సొంత బ్రాండ్: తొమ్మిది దినుసుల ఫార్ములా ఎందుకు వద్దంటున్నానంటే

ముందుగా మీ ప్రశ్న, చదివేవాళ్ల కోసం క్లుప్తంగా. మీరు బీఫార్మసీ చదివారు, కూకట్‌పల్లిలో మెడికల్ షాపు నడుపుతున్నారు. సొంత బ్రాండ్‌తో ఒక ఎనర్జీ క్యాప్సూల్ తేవాలనుకుంటున్నారు. జీడిమెట్లలో ఒక థర్డ్ పార్టీ తయారీదారు (వేరేవాళ్ల బ్రాండ్ పేరుతో సరుకు చేసిచ్చేవాడు) ఫార్ములా కూడా రాసిచ్చాడు: కోఎంజైమ్ క్యూ10 (క్లుప్తంగా కోక్యూ10) 100 మి.గ్రా., ఎల్-కార్నిటైన్ 250, ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం 100, ఆపైన బీ కాంప్లెక్స్, జింక్, సెలీనియం, జిన్సెంగ్, లైకోపీన్, పిపరిన్. ఇవన్నీ పొడి రూపంలో జీరో సైజు హార్డ్ క్యాప్సూల్‌లో పడతాయట, పెట్టె మీద ‘ఇన్‌స్టంట్ ఎనర్జీ’ అని వేస్తారట. ఫార్ములా బాగుందా, కోక్యూ10కున్న రెండు రూపాల్లో యూబిక్వినోన్ వాడాలా యూబిక్వినాలా, అనుమతులేమిటి అని అడిగారు.

సాఫ్ట్‌జెల్ (లోపల నూనె నింపిన మెత్తటి క్యాప్సూల్) ఫార్ములేషన్‌లోనే తల నెరిసినవాణ్ణి కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. ఈ ఫార్ములాకి అడ్వాన్స్ ఇవ్వకండి.

అసలు అది జీరో సైజులో పట్టదు. కార్నిటైన్ విడిగా తేమ పీల్చి ముద్దయిపోతుంది కాబట్టి టార్ట్రేట్ లవణంగా వాడతారు. అందులో కార్నిటైన్ దాదాపు 68 శాతమే. అంటే 250 మి.గ్రా. కార్నిటైన్ అని లేబుల్ మీద రాయాలంటే పొడి 367 మి.గ్రా. పోయాలి. దానికి కోక్యూ10 100, లిపోయిక్ 100 కలిపితేనే 567. జీరో సైజు క్యాప్సూల్ లోపలి చోటు 0.68 మిల్లీలీటర్లు. మామూలు సాంద్రత ఉన్న పొడి అయితే అందులో 350 నుంచి 470 మి.గ్రా. దాకా పడుతుంది. మిగతా ఆరు దినుసులు ఇంకా మొదలే కాలేదు! మరి కొటేషన్ ఎలా ఇచ్చాడంటారా? ఏదో ఒకటి తగ్గించి పోస్తాడు. తగ్గించేది ఎప్పుడూ లిస్టులో ఖరీదైనదే. ఈ లిస్టులో ఖరీదైనది కోక్యూ10.

‘ఇన్‌స్టంట్’ సంగతికి వద్దాం. కోక్యూ10ని 1957లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ క్రేన్ బృందం ఎద్దు గుండె మైటోకాండ్రియాలోంచి (కణంలో శక్తి తయారయ్యే భాగాలు) వేరుచేసింది. మరుసటి ఏడాది మెర్క్ కంపెనీలో కార్ల్ ఫోకర్స్ బృందం దాని నిర్మాణం తేల్చింది. మైటోకాండ్రియా లోపలి పొరలో ఎలక్ట్రాన్లను ఒక కాంప్లెక్స్ (ప్రొటీన్ల గుంపు) దగ్గర తీసుకుని ఇంకో కాంప్లెక్స్‌కి అందించడం దీని పని. ఆ ప్రయాణం వల్లే కణం వాడుకునే శక్తి అణువు, ఏటీపీ, తయారవుతుంది. ఇది ఎలా జరుగుతుందో వివరించిన పీటర్ మిచెల్‌కు 1978లో నోబెల్ వచ్చింది. అంటే ఇది ఇంధనం కాదు. శక్తి వచ్చేది తిన్న అన్నంలోంచే, కోక్యూ10 మధ్యలో మోసే మనిషి. పైగా మన ఒళ్లు దీన్ని సొంతంగానే తయారుచేసుకుంటుంది. అందుకే విటమిన్లకు ఉన్నట్టు దీనికి రోజువారీ సిఫార్సు మోతాదు లేదు, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో వెతికినా దొరకదు. ఇక మింగిన కోక్యూ10 రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడానికి సుమారు 6 గంటలు పడుతుంది, సగం తగ్గడానికి ఒక రోజుకు పైనే. వారాల తరబడి వాడితే గానీ మట్టం నిలవదు. పొద్దున వేసుకుంటే మధ్యాహ్నానికి హుషారు వస్తుందని ఎవరైనా చెప్తే అది వేరే ఏదో దినుసు మహిమ, లేకపోతే నమ్మకం.

మీరు షాపులో కూర్చునే మనిషి కాబట్టి ఒక మాట చనువుగా అంటాను. నీరసంగా ఉందని మీ కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మందికి కావలసింది కోక్యూ10 కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. శాకాహారులకు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్న షుగర్ పేషెంట్లకు బీ12 పడిపోతుంది. థైరాయిడ్ ఉంది, నిద్ర చాలకపోవడం ఉంది. హిమోగ్లోబిన్ 8 ఉన్న ఆవిడకి మీ క్యాప్సూల్ మూడు నెలలు అమ్మితే ఆవిడ నీరసం తగ్గదు, మీ బ్రాండ్ పేరు మాత్రం వీధంతా తెలుస్తుంది.

మరి దీనికి ఆధారాలే లేవా అంటే, ఉన్నాయి, కొన్నిచోట్ల. క్యూ-సింబయో అనే ట్రయల్‌లో గుండె వైఫల్యం ఉన్న 420 మందికి, అప్పటికే వాడుతున్న మందులతో పాటు రోజుకు 300 మి.గ్రా. చొప్పున రెండేళ్లు ఇచ్చి చూశారు. గుండెకు సంబంధించిన పెద్ద ప్రమాదాలు ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 26 శాతం మందికి వస్తే, కోక్యూ10 వాడినవాళ్లలో 15 శాతం మందికి వచ్చాయి. 2014లో ప్రచురించారు. అదే ఏడాది పార్కిన్సన్స్ మీద 1200, 2400 మి.గ్రా. మోతాదులతో చేసిన పెద్ద ట్రయల్‌లో ఏ ప్రయోజనమూ కనిపించలేదు. కొలెస్ట్రాల్ తగ్గించడానికి ఇచ్చే స్టాటిన్ మాత్రలు అది తయారయ్యే దారికి అడ్డం పడతాయి. కోక్యూ10 తయారయ్యేదీ ఆ దారిలోనే కాబట్టి రక్తంలో దాని మట్టం తగ్గుతుంది. ఇంతవరకు ఖాయం. స్టాటిన్ వల్ల వచ్చే కండరాల నొప్పి కోక్యూ10తో తగ్గుతుందా అన్నదానికి మాత్రం ట్రయల్స్ ఒక్క మాట మీద లేవు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో ‘శక్తి జీవక్రియకు తోడ్పడుతుంది’ అన్న క్లెయిమ్‌ను కూడా ఆధారం చాలదని ఒప్పుకోలేదు. కాబట్టి మీ కొనుగోలుదారు యాభై దాటి, స్టాటిన్ వాడుతూ, డాక్టర్ చెబితే వచ్చే మనిషి. కాలేజీ కుర్రాడు కాదు. ఫార్ములా మొత్తం ఆ మనిషిని దృష్టిలో పెట్టుకుని చేయాలి.

ఇప్పుడు నా అసలు వాదన. కోక్యూ10 ఉత్పత్తిలో గెలుపోటములు లేబుల్ మీది మిల్లీగ్రాముల్లో ఉండవు, స్ఫటికాల్లో ఉంటాయి. ఇది నారింజ-పసుపు రంగు పొడి. నీళ్లలో అస్సలు కరగదు. అణుభారం 863, మందుల ప్రపంచంలో భారీ అణువు కిందే లెక్క. పేగు గోడ దాటాలంటే ఒక్కో అణువూ విడివిడిగా కొవ్వులో కరిగి ఉండాలి. స్ఫటికం స్ఫటికంగానే పేగుల్లోకి వెళ్తే, ఒంటికి పట్టకుండా అలాగే బయటికి పోతుంది. 2019లో స్పెయిన్ పరిశోధకులు ఆరోగ్యవంతులైన యువకులకు ఒకే 100 మి.గ్రా. మోతాదును రకరకాల సాఫ్ట్‌జెల్‌లలో ఇచ్చి పోల్చారు. స్ఫటికాలను విడగొట్టే వేడి-చల్లార్పు ప్రక్రియ చేసిన సాఫ్ట్‌జెల్ అన్నిటికంటే మేలనిపించింది. అదే నూనె, అదే కోక్యూ10, ఆ ప్రక్రియ మాత్రం చేయనిదాంట్లో ఒంటికి పట్టినది సుమారు నాలుగో వంతుకు పడిపోయింది. మీకు వచ్చిన కొటేషన్‌లో ఉన్నది ఉత్త పొడి. నూనె చుక్క కూడా లేదు.

దీనికి తోడు ఈ పొడి 48-50 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మే నెలలో మేడ్చల్ రోడ్డు మీద రేకుల కప్పు ఉన్న ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్‌లోనో, ఎండలో ఆపిన డెలివరీ వ్యానులోనో ఆ వేడి రావడం వింతేమీ కాదు. లిపోయిక్ ఆమ్లం కూడా 60 దగ్గర కరిగే రకం. తక్కువ వేడికి కరిగేవి రెండు పక్కపక్కన ఉంటే ఇంకా ముందే మెత్తబడతాయి. అలాంటి క్యాప్సూల్ విప్పి చూస్తే లోపల పొడి ఉండదు, గోడకి అతుక్కున్న పసుపు ముద్ద ఉంటుంది. మార్కెట్‌లోంచి తిరిగొచ్చిన సరుకులో నేను చాలాసార్లు చూసిన దృశ్యం ఇది.

అందుకని దారి సాఫ్ట్‌జెల్. ఆ మాట అనగానే తయారీదారు ‘ఓ, సోయా నూనెలో కలిపి ఇస్తాం సార్’ అంటాడు. ఆగండి. కలపడం వేరు, కరిగించడం వేరు. చాలా ప్లాంట్లలో జరిగేది ఏమిటంటే, నూనెలో తేనెమైనం, లెసిథిన్ వేసి చిక్కగా చేసి, అందులో కోక్యూ10 పొడిని తేలేలా తిప్పుతారు. చూడ్డానికి నున్నగా నారింజ రంగులో ఉంటుంది, స్ఫటికాలన్నీ అలాగే ఉంటాయి. రెండో రకం వాళ్లు 55-60 డిగ్రీల దాకా వేడిచేసి పూర్తిగా కరిగిస్తారు. అప్పుడు గాజులా పారదర్శకంగా ఉంటుంది, మీకు ఫొటో తీసి పంపిస్తారు కూడా. కానీ ఫిల్‌ను (క్యాప్సూల్‌లో నింపే నూనె మిశ్రమాన్ని) 35 డిగ్రీల కిందికి చల్లార్చాకే మెషీన్‌కి ఎక్కించాలి, లేదంటే జెలటిన్ రిబ్బన్ అతుకు సరిగా పడక లీకేజీలు వస్తాయి. చల్లారాక కొన్నాళ్లకి, ముదురు పాకం అంచుల వెంట చక్కెర కట్టినట్టు, క్యాప్సూల్ లోపల మళ్లీ స్ఫటికాలు కడతాయి. బ్యాచ్ రిలీజ్ రోజున పరీక్షలన్నీ పాసవుతాయి. దినుసు ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరికరంలో 275 నానోమీటర్ల దగ్గర చూస్తే మూడో నెలలోనూ 100 మి.గ్రా. చక్కగా ఉంటుంది. ఎందుకంటే ఆ పరీక్షకి శాంపిల్‌ని ఎలాగూ సాల్వెంట్‌లో కరిగిస్తారు, అంతకుముందు అది ఏ రూపంలో ఉందో పరికరానికి పట్టదు.

కాబట్టి మీరు అడగాల్సిన పరీక్ష వేరే ఉంది, అది చవక కూడా. క్యాప్సూల్ కోసి ఒక చుక్క స్లైడ్ మీద వేసి, పోలరైజ్డ్ కాంతి ఉన్న మైక్రోస్కోప్ కింద చూడాలి. బాగా కరిగి ఉంటే తెర అంతా నలుపు. స్ఫటికాలు ఉంటే నల్లటి తెర మీద సూదుల్లా, పలకల్లా మెరుస్తాయి, దాచడానికి వీల్లేదు. కొన్ని క్యాప్సూల్స్‌ను ఫ్రిజ్‌లో ఒక రోజు, 40 డిగ్రీల్లో ఒక రోజు, అలా మార్చి మార్చి రెండు వారాలు తిప్పి, తర్వాత చూడండి. నెలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి మళ్లీ చూడండి. జీడిమెట్ల, బాలానగర్ చుట్టుపక్కల ఫార్మసీ కాలేజీల్లో ఈ మైక్రోస్కోప్ దొరుకుతుంది. మీ పాత లెక్చరర్‌కి ఒక ఫోన్ కొడితే పనైపోతుంది.

స్ఫటికాలు తిరిగి కట్టకుండా ఉండాలంటే కీలకం నూనె ఎంపిక. ఉత్త వంటనూనెల్లో, చల్లారాక, 100 మి.గ్రా.ని చిన్న క్యాప్సూల్‌లో కరిగి ఉంచడం కష్టం. నిమ్మజాతి తొక్కల నుంచి వచ్చే లిమొనిన్ కోక్యూ10ని బాగా కరిగిస్తుంది. మీడియం చైన్ ట్రైగ్లిజరైడ్ నూనెతో దాన్ని తగుపాళ్లలో కలిపి, అనుమతి ఉన్న ఎమల్సిఫయర్ (నూనె, నీళ్లు కలిసేలా చేసేది) కొంచెం చేరిస్తే చాలావరకు నిలుస్తుంది. లిమొనిన్ ఎక్కువైతే త్రేన్పుల్లో నిమ్మ వాసన వస్తుంది, జెలటిన్ కూడా మెత్తబడుతుంది. ఆ పాళ్లు ట్రయల్ బ్యాచ్‌ల్లోనే తేలతాయి. 20 ఆబ్లాంగ్ సైజు తీసుకోండి, 1.2 మిల్లీలీటర్ల చోటుంటుంది, 100 మి.గ్రా.కి సరిపోతుంది. నూనె పెరాక్సైడ్ విలువ (ఎంత పాడైందో చెప్పే కొలత) ప్రతి డ్రమ్ముకీ చూడమనండి. ముక్కిపోయిన వాసన వచ్చే నూనెలోని ఆల్డిహైడ్లు జెలటిన్‌ను గట్టిపరుస్తాయి, ఆరు నెలలయ్యాక క్యాప్సూల్ నీళ్లలో వేస్తే విచ్చుకోదు. నూనె పాడవకుండా కొద్దిగా టోకోఫెరాల్ (విటమిన్ ఇ), కలిపేటప్పుడు పైన గాలికి బదులు నైట్రోజన్, వెలుతురు తగలని తొడుగు కావాలి. మీ బడ్జెట్‌లో ఎనిమిది దినుసుల మీద పెట్టబోయే డబ్బు ఇక్కడ పెట్టండి.

యూబిక్వినాలా యూబిక్వినోనా అన్నదానికి నా జవాబు యూబిక్వినోన్. యూబిక్వినాల్ దాని క్షయీకృత రూపం, అంటే ఎలక్ట్రాన్లు చేరిన రూపం. ‘ఒంటికి సిద్ధంగా ఉన్న రూపం’ అని అమ్ముతారు, అందులో అబద్ధం లేదు, రక్తంలో తిరిగేది ఎక్కువగా అదే. కానీ మీరు యూబిక్వినోన్ మింగినా ఒంట్లో అది యూబిక్వినాల్‌గానే మారి తిరుగుతుంది. యూబిక్వినాల్‌కి గాలి తగిలితే చాలు ఆక్సీకరణ చెంది మళ్లీ పసుపు రంగుకి వస్తుంది. ముడిసరుకు తెరిచిన క్షణం నుంచి క్యాప్సూల్ మూసేదాకా ఆక్సిజన్ తగలకుండా చూసే ప్లాంట్ కావాలి. మొదటిసారి బ్రాండ్ పెట్టేవాడు, చిన్న బ్యాచ్, థర్డ్ పార్టీ ప్లాంట్... ఖరీదైన యూబిక్వినాల్ కొని పాక్షికంగా యూబిక్వినోన్ అమ్మినట్టవుతుంది.

ముడిసరుకు గురించి మన ప్రాంతానికి సంబంధించిన ముచ్చట ఒకటుంది. కోక్యూ10 తోకలో పది ఐసోప్రీన్ యూనిట్లుంటాయి. పొగాకు ఆకులో దొరికే సొలనెసాల్‌లో తొమ్మిది. దాన్నుంచి అర్ధ-కృత్రిమ పద్ధతిలో కోక్యూ10 చేస్తారు. మన ఆంధ్ర పొగాకు నుంచి సొలనెసాల్ తీయడం మీద రాజమహేంద్రవరంలోని పొగాకు పరిశోధన సంస్థ పని చేసింది కూడా. రెండో దారి ఈస్ట్, బాక్టీరియాలతో కిణ్వనం. కిణ్వనం సరుకు పూర్తిగా ట్రాన్స్ రూపంలో, అంటే ఒంట్లో సహజంగా ఉండే ఆకారంలో, ఉంటుంది. కృత్రిమ దారిలో సిస్ ఐసోమర్ (అదే అణువు, వేరే ఆకారం) కొంత కలిసి రావచ్చు. నా ఓటు కిణ్వనానికి. సీఓఏలో (సరుకుతో వచ్చే పరీక్షల సర్టిఫికెట్) అస్సే, అంటే దినుసు శాతం, ఒక్కటే చూసి సరే అనకండి, సిస్ ఐసోమర్, మిగిలిన సాల్వెంట్లు, భార లోహాలు, సూక్ష్మజీవుల లెక్క కూడా ఉండాలి. ఆ సీఓఏని నమ్మి ఊరుకోకుండా మొదటి డ్రమ్ములోంచి శాంపిల్ తీసి ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు జాతీయ గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న బయటి ల్యాబ్‌కి పంపండి. దీనికయ్యే ఖర్చు మీ డబ్బా డిజైన్‌కయ్యే ఖర్చు కంటే తక్కువే.

ఇక మిగతా దినుసులు. పిపరిన్ (మిరియాల ఘాటు పదార్థం) తీసేయమనడానికి కారణం వేరు. కోక్యూ10 శోషణను కొంత పెంచినట్టు చిన్న అధ్యయనం ఉంది, నిజమే. కానీ పిపరిన్ కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములను కూడా అణచగలదు. మీ కొనుగోలుదారు బీపీకి, షుగర్‌కి, కొలెస్ట్రాల్‌కి మాత్రలు వేసుకునే మనిషి అన్నాం కదా. ఆయన మాత్రల మోతాదుతో మనం ఆడుకోకూడదు. జిన్సెంగ్ కూడా అందుకే వద్దు. లైకోపీన్, జింక్, సెలీనియం లేబుల్ నిండటానికి తప్ప ఇక్కడ వాటికి పని లేదు. బీ విటమిన్ల విషయం కాస్త వేరు, ఒంట్లో అవే నిజమైన కోఎంజైములుగా మారతాయి: థయమిన్, రైబోఫ్లేవిన్, నయాసిన్, పాంటోథెనిక్ ఆమ్లం అన్నీ. కానీ అవి నీళ్లలో కరిగేవి, నూనె ఫిల్‌లో తేలుతూ ఇబ్బంది పెడతాయి. కావాలంటే విడిగా ఇంకో టాబ్లెట్‌గా పెట్టుకోండి.

తొడుగు దగ్గర వ్యాపారం ప్రశ్న ఒకటుంది, ముఖ్యంగా హైదరాబాద్‌లో. జెలటిన్ అంటే జంతు సంబంధం, మాంసాహార గుర్తు వేయాలి. ఆ గుర్తు చూడగానే సగం మంది శాకాహారులు డబ్బా వెనక్కి పెడతారు. పాతబస్తీ షాపుల వాళ్లు హలాల్ సర్టిఫికెట్ ఉందా అని అడుగుతారు. మొక్కల పిండితో చేసే తొడుగులు ఉన్నాయి, రెండు గొడవలూ తీరతాయి, కానీ అవి తీయగల ప్లాంట్లు తక్కువ, రేటు ఎక్కువ. ముందే తేల్చుకోండి. స్ట్రిప్ మామూలు పీవీసీ బ్లిస్టర్ అయితే జులై తేమకి క్యాప్సూల్స్ ఒకదానికొకటి అంటుకుంటాయి. తేమను ఆపే పీవీడీసీ పూత ఉన్నదైనా, అలు-అలు (రెండువైపులా అల్యూమినియం రేకు) అయినా అడగండి.

అనుమతులు: ఇది మందు కాదు, ఆహారం కిందికి వస్తుంది. కాబట్టి డ్రగ్ లైసెన్స్ కాదు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ కావాలి. 2016లో వచ్చిన హెల్త్ సప్లిమెంట్లు, న్యూట్రాస్యూటికల్స్ నియమావళి, దానికి తర్వాత వచ్చిన సవరణలు చూసుకోండి. తయారీదారు లైసెన్స్‌లో ఈ కేటగిరీ ఉందో లేదో కాపీ తెప్పించి చదవండి, మార్కెటర్‌గా మీకూ లైసెన్స్ ఉండాలి. లేబుల్ మీద 14 అంకెల నంబరు, కేటగిరీ పేరు, ‘మందుగా వాడటానికి కాదు’ అన్న మాట తప్పనిసరి. జబ్బులను నిర్ధారించడానికి, నయం చేయడానికి, నివారించడానికి ఉద్దేశించినది కాదన్న వాక్యం కూడా వేయండి. కరపత్రంలో గానీ వాట్సాప్‌లో గానీ ‘గుండెజబ్బు తగ్గుతుంది’ అన్నారో, 2018 ప్రకటనల నియమావళితో పాటు 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కూడా మీ తలుపు తట్టొచ్చు. పైన నేను చెప్పిన ట్రయల్ మీ అవగాహన కోసం, డబ్బా కోసం కాదు.

ఒక హెచ్చరిక మాత్రం డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేయండి. కోక్యూ10 నిర్మాణంలో విటమిన్ కేని పోలి ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ పనితనాన్ని తగ్గించవచ్చు. వాల్వు మార్పిడి చేయించుకున్న వాళ్లు, రక్తం పలుచబడే మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా తీసుకోకూడదు. భోజనంతో, అదీ కాస్త నూనో నెయ్యో ఉన్న భోజనంతో వేసుకోవాలని కూడా రాయండి.

తయారీదారుతో మళ్లీ కూర్చున్నప్పుడు లక్ష క్యాప్సూల్స్‌కి ఇంత రేటు అన్న మాట మీద మొదలుపెట్టకండి. ముందు ఒక ట్రయల్ బ్యాచ్‌కి డబ్బు కట్టి, 40 డిగ్రీలు 75 శాతం తేమలో ఆరు నెలలు, 30 డిగ్రీలు 70 శాతం తేమలో దీర్ఘకాలం పెట్టే ఏర్పాటు అడగండి. ‘మా దగ్గర ఇలాంటి ప్రొడక్ట్ ఆల్రెడీ నడుస్తోంది సార్, స్టెబిలిటీ అక్కర్లేదు’ అంటే ఆ నడుస్తున్న ప్రొడక్ట్ స్ట్రిప్ ఒకటి అడిగి తెచ్చుకుని, కోసి, మైక్రోస్కోప్ కింద పెట్టండి. ఎక్స్‌పైరీ మొదట 18 నెలలే వేయండి. 24 నెలలు కావాలని డిస్ట్రిబ్యూటర్ గోల పెడతాడు, దీర్ఘకాల డేటా చేతికొచ్చేదాకా ఒప్పుకోకండి.